అమ్మమ్మ ఇచ్చిన కిడ్నీతో బాబుకు అమ్మ ఒడి దక్కింది

కవిటి: ఉదయం ఎనిమిది గంటలు కావస్తోంది. కొబ్బరి తోటల మధ్య ఒక పెంకుటిల్లు. వాకిట్లో మట్టితో ఆడుకుంటున్న రెండున్నరేళ్ల బాబు గబగబా లోపలికి పరుగెత్తాడు. గోడ గడియారం చూడడం వాడికి రాదు. కానీ అమ్మ చేతులు కడుక్కుని పీట వాల్చుకు కూర్చున్నదంటే ఏ వేళ అయిందో వాడికి తెలుసు. బిందె దగ్గరి చిన్న గ్లాసు రెండు చేతులా పట్టుకుని, సగం నీళ్లు ఒలకబోసుకుంటూ తెచ్చి అమ్మకు అందించాడు. "మాత్ర! మాత్ర!" అని అరిచాడు.

ఈ ఇంట్లో బిడ్డ మొదట నేర్చిన మాట "అమ్మ". రెండోది "మాత్ర". ఆ రెండు మాటలకూ ఉన్న సంబంధం వాడికి ఇప్పట్లో తెలియదు. ఇంట్లో పెద్దలకు మాత్రం బాగా తెలుసు. ఆ మాత్ర వేళ తప్పితే ఆ అమ్మ ఉండదు.

పేరు రాయవద్దని కోరిన ఈ ఇల్లాలి వయసు పాతికేళ్ల లోపే. 16 నెలల క్రితం విశాఖపట్నంలోని ఒక ఆస్పత్రిలో ఆమెకు కిడ్నీ మార్పిడి జరిగింది. కిడ్నీ ఇచ్చింది కన్నతల్లి. అప్పటికి బాబుకు 14 నెలలు.

ఉద్దానంలో కొత్త కథ కాదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల్లో అక్షరం రాని ముసలమ్మ కూడా క్రియాటినిన్ ఎంత ఉన్నదీ చెబుతుంది. ఈ జబ్బు ఇక్కడ ఎందుకు ఇంతగా వస్తున్నదో ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి.

డయాలసిస్ మీద ఉన్నవారి సంగతి ఊళ్లకు తెలుసు. అయితే కిడ్నీ మార్పిడి జరిగి ఇంటికి వచ్చిన తరువాత మనిషి ఎలా బతకాలన్నది చాలామందికి తెలియదు. అందునా ఒళ్లో పసిబిడ్డ ఉన్న తల్లి సంగతి మరీ తెలియదు. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక మామూలు మనిషే అనుకునేవారు కొందరు. ఇక మంచం దిగరాదు, బిడ్డను ముట్టుకోరాదు అనేవారు మరికొందరు. ఈ రెండు మాటలూ తప్పేనని ఈ ఇంటి అనుభవం చెబుతోంది.

కాన్పుతో బయటపడిన జబ్బు

నెలలు నిండుతున్నప్పుడే ఆమెకు కాళ్లు వాచాయి, రక్తపోటు పెరిగింది. కాన్పులో ఇవి మామూలేనని ఇంట్లో సరిపెట్టుకున్నారు. బాబు పుట్టి మూడు నెలలైనా వాపు తగ్గలేదు. అన్నం సయించలేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. సోంపేటలో రక్త పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది. రెండు కిడ్నీలూ అప్పటికే కుంచించుకుపోయాయి.

బాబుకు ఆరు నెలలు నిండే సరికి వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున వెళితే మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరేది. వచ్చాక పడుకుంటే లేవలేని నీరసం. "బాబు ఏడుస్తుంటే వినబడేది గానీ లేవనేకపోయేదాన్ని. అన్నీ అమ్మే సూసుకునేది" అని ఆమె ఆ రోజులు గుర్తు చేసుకున్నారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కుండానే ఇచ్చింది. "నాకేటి, రెండున్నాయి కదా. ఒకటి దానికిస్తే ఇద్దరం బతుకుతాం. ఈ గుంటడికి తల్లి ఉంటాది" అన్నది ఆ పెద్దావిడ. రక్తం గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలూ కలిశాయి. చట్ట ప్రకారం తల్లి దగ్గరి బంధువు కనుక కాగితాల పని పెద్దగా చిక్కు కాలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు, భార్యాభర్తలు ఒకరికొకరు కిడ్నీ ఇవ్వవచ్చు. 2011 సవరణతో తాతలు, అవ్వలు, మనుమలు కూడా ఆ వరసలో చేరారు. డబ్బుకు అమ్మడం, కొనడం రెండూ నేరమే.

ఎత్తుకునే వారేరి?

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఎవరూ అనుకోని చిక్కు ఒకటి వచ్చింది. బాబును ఎత్తుకునేది ఇద్దరే. తల్లి, లేకుంటే అమ్మమ్మ. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకే రోజున ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు. కిడ్నీ పుచ్చుకున్నవారే కాదు, ఇచ్చినవారు కూడా కొన్ని వారాలు బరువులు ఎత్తరాదు. కుట్లు లోపల గట్టిపడేదాకా నీళ్ల బిందె కూడా ఎత్తవద్దన్నారు. మరి తొమ్మిది కిలోల బాబు మాట?

అప్పుడు ముందుకు వచ్చినవాడు తండ్రి. ఆయన కొబ్బరికాయలు ఒలిచే కూలీ. "రెండు నెలలు పనికి ఎల్లలేదు. బాబుకి నీళ్లు పొయ్యడం, అన్నం తినిపించడం, రాత్రి నిద్రపుచ్చడం అన్నీ నేర్సుకున్నాను. ఆడపని సేత్తన్నాడని నవ్వినోళ్లు నవ్వినారు. నవ్వితే నాకేటి పోనాది?" అన్నారాయన. ఆయన తల్లి మొదట అలిగారు. తరువాత ఆమే వచ్చి ఇంట్లో నిలబడ్డారు. ఎదురింటి ఆడపడుచులు ఇద్దరు పగలు వంతులు వేసుకుని బాబును చూశారు.

మార్పిడి చేయించుకోబోయే తల్లులందరికీ ఈ ఇల్లు చెప్పే మొదటి మాట ఇదే. ఆపరేషన్‌కు డబ్బు ఎంత, రక్తం ఎన్ని సీసాలు అని లెక్క వేసుకున్నట్లే, బిడ్డను ఎత్తుకునే చేతులు ఎన్ని ఉన్నాయో కూడా ముందే లెక్క వేసుకోవాలి. ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరి పక్కన పడుకుంటాడు అన్నది నెల రోజుల ముందు నుంచే బిడ్డకు అలవాటు చెయ్యాలి. తల్లి ఆస్పత్రికి వెళ్లిన నాడు కొత్త చేతుల్లో పెడితే బిడ్డ బెంగ పెట్టుకుంటాడు.

అమ్మను గుర్తు పట్టని బాబు

ఆస్పత్రి నుంచి పంపిన తరువాత కూడా ఆమె విశాఖలోనే ఆస్పత్రి దగ్గర గది తీసుకుని ఉండవలసి వచ్చింది. మొదటి రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు రక్త పరీక్షలు చెయ్యాలి. ఆ మందుల మోతాదు కుదిరేదాకా దూరం పోనివ్వరు. అక్కడి జనంలోకి బాబును తేవద్దన్నారు. రెండు నెలలకు పైగా తల్లీ బిడ్డా ఒకరినొకరు ఫోనులోనే చూసుకున్నారు.

ఇంటికి వచ్చిన నాడు ఆమె కోసం బాబు పరుగెత్తుకు వస్తాడని అందరూ అనుకున్నారు. వాడు నాయనమ్మ చీర వెనక దాక్కున్నాడు. స్టెరాయిడ్ మాత్రలకు ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. మూతికి గుడ్డ కట్టి ఉంది. పోల్చుకోలేకపోయాడు. "తొమ్మిది నెలలు మోసినదాన్ని. నన్ను సూసి బయపడ్డాడు. ఆ రోజు ఏడ్సినంత ఆపరేషన్ నాడు కూడా ఏడవనేదు" అన్నారామె.

ఎత్తుకోవడానికి ఇంకా వేళ రాలేదు. అందుకని ఆమె నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. బాబును పిలవలేదు. పక్కన కొబ్బరి చిప్పలు పెట్టుకుని మూతలు వేస్తూ తీస్తూ ఆడారు. మొదటి రోజు దూరం నుంచి చూశాడు. రెండో రోజు చిప్ప పట్టుకుపోయాడు. నాలుగో రోజు తానే వచ్చి ఒళ్లో కూర్చున్నాడు.

ఇప్పటికీ ఆ ఇంట్లో అదే పద్ధతి. అమ్మ వంగి బాబును లేపదు. అమ్మ కూర్చుంటుంది, బాబు ఎక్కుతాడు. నీళ్లు పొయ్యడానికి గట్టు మీద నిలబెడతారు. మంచం పక్కన చిన్న పీట వేశారు, వాడే ఎక్కి పడుకుంటాడు. కుట్లు మానాక డాక్టరు అనుమతి మీద ఎత్తుకోవచ్చు. ఆమె ఇప్పుడు ఎత్తుకుంటున్నారు కూడా. అయినా అవసరమైతేనే.

కొత్త కిడ్నీ నడుము వెనక కాదు, పొత్తికడుపులో ముందు వైపున ఒక పక్కగా ఉంటుంది. పాతవాటిని చాలాసార్లు తీయరు, అలాగే వదిలేస్తారు. బిడ్డ ఆటలో కాలు తగిలితే కిడ్నీ చితికిపోతుందన్న భయం వద్దు. అయినా గట్టి దెబ్బ తగలకుండా చూసుకోవడం మంచిది. ఆమె బాబును ఎప్పుడూ రెండో పక్కనే కూర్చోబెట్టుకుంటారు.

ఆ రెండు రాత్రులు

అన్నీ సర్దుకున్నాయి అనుకుంటుండగా పెద్ద గండం వచ్చింది. మార్పిడి జరిగి అప్పటికి ఎనిమిది నెలలు. ఒక సాయంత్రం బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. తల్లి ఆగలేదు. కట్టుబట్టలతో వాణ్ణి వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. అక్కడ సెలైన్ పెట్టారు. రెండు రాత్రులూ మంచం పక్కనే ఉన్నారు.

మాత్రల డబ్బా ఇంట్లో అటక మీద ఉండిపోయింది. ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు వచ్చాక కూడా, ఒక పూటకు ఏమవుతుందిలే, బాబు తేరుకోనీ అని ఆమే అనుకున్నారు. అలా మూడు పూటలు తప్పిపోయాయి.

బాబు మూడో రోజుకు నవ్వుతూ ఇల్లు చేరాడు. తల్లికి వారం తిరక్కుండా మూత్రం తగ్గింది, కాళ్లలో నీరు దిగింది. పరీక్షలో క్రియాటినిన్ 1.1 నుంచి 1.9కి ఎక్కింది. విశాఖ వెళితే కొత్త కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. ఒళ్లు కిడ్నీని తిరగగొడుతున్నదని తేలింది. మూడు రోజులు పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. దేవుడి దయ, డాక్టర్ల పుణ్యం, క్రియాటినిన్ 1.3కి దిగి నిలిచింది. అందరికీ ఇలా దిగదని, పోయిన కిడ్నీలు ఉన్నాయని డాక్టర్లు చెప్పి పంపారు.

మాత్ర ఎందుకంత ముఖ్యమో తెలుసుకోవాలి. మన ఒంటికి ఒక కాపలా ఉంటుంది. బయటి నుంచి ఏది వచ్చినా తరిమి కొట్టడం దాని పని. కన్నతల్లి ఇచ్చినదైనా ఆ కిడ్నీ ఒంటికి పరాయిదే. ఆ కాపలాను కాస్త జోకొట్టి ఉంచేవే ఈ మాత్రలు. టాక్రోలిమస్ అనే మాత్ర సాధారణంగా 12 గంటలకు ఒకసారి వేసుకోవాలి. ఉదయం ఎనిమిదికి వేస్తే రాత్రి ఎనిమిదికి. దానితోపాటు మైకోఫినోలేట్ గానీ అజాథయోప్రిన్ గానీ, ప్రెడ్నిసోలోన్ గానీ డాక్టరు రాసిన ప్రకారం ఉంటాయి. మాత్ర తప్పితే కాపలా మేలుకుంటుంది. నొప్పి లేకుండానే కిడ్నీ దెబ్బతినడం మొదలవుతుంది. ఎన్నేళ్లయినా ఈ మాత్రలు మానడానికి లేదు. మరచిన పూటకు తరువాతి పూట రెండు వేసుకోవడమూ తప్పే. ఆస్పత్రికి ఫోను చేసి అడగాలి.

"ఆ రెండు రాత్రులూ గుంటడి కోసమే మాత్ర మరిసిపోనాను. కానీ ఆడికి నేను రెండు రాత్రులకే కావాలా? ఆడు పెద్దోడయ్యే దాకా కావాలి కదా" అన్నారామె. ఇప్పుడు ఆమె చీర కొంగున చిన్న సంచి ముడి ఉంటుంది. అందులో రెండు రోజులకు సరిపడా మాత్రలు. ఇల్లు కదిలితే సంచి కదలాలి. మరో రెండు రోజుల మాత్రలు భర్త దగ్గర ఉంటాయి.

బిడ్డ జలుబు తల్లికి ముప్పు

కాపలాను జోకొట్టడంలో ఇంకో కష్టం ఉంది. పరాయి కిడ్నీని వదిలేసే ఒళ్లు, పరాయి రోగాన్ని కూడా తొందరగా తరమలేదు. పసిపిల్లలకు జలుబు, దగ్గు, విరేచనాలు తరచు వస్తూనే ఉంటాయి. అందరికీ రెండు రోజుల్లో పోయేది ఈ తల్లికి మంచాన పడేసే జబ్బు కావచ్చు.

అలాగని బిడ్డను దూరం పెట్టమని ఏ డాక్టరూ చెప్పలేదు. కొన్ని అలవాట్లు చాలన్నారు. బిడ్డ ముడ్డి కడిగాక, ముక్కు చీదాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బిడ్డ ఎంగిలి అన్నం తల్లి తినరాదు. ఒకే చెంచా, ఒకే గ్లాసు వాడరాదు. ముద్దు పెట్టుకోవాలనిపిస్తే మూతి మీద కాదు, నెత్తి మీద పెట్టుకోవాలి. పిల్లల ఉమ్మిలో, మూత్రంలో సైటోమెగలో వంటి వైరస్‌లు ఉంటాయి. పిల్లలకు అవి ఏమీ చెయ్యకపోవచ్చు, మార్పిడి జరిగినవారిని మాత్రం బాగా బాధిస్తాయి. మన ఇళ్లలో బిడ్డ ఎంగిలిని పారబొయ్యడం తల్లికి మనసొప్పదు. ఈ ఇంట్లో ఆ మెతుకులు కోళ్లకు పోతాయి. కోళ్ల గూడు ఊడ్చే పని మాత్రం తల్లిది కాదు.

బాబుకు జలుబు చేస్తే రాత్రి నాన్న పక్కన పడుకుంటాడు. తల్లి మూతికి గుడ్డ కట్టుకుంటారు. మొదట ఆ గుడ్డను లాగేవాడు. ఇప్పుడు వాడూ ఒక గుడ్డ కట్టుకుని తిరుగుతాడు.

ఊళ్లో ఆటలమ్మ పోస్తే మరింత జాగ్రత్త కావాలి. వేపమండ కట్టుకోవడం, మొక్కుకోవడం ఎవరి నమ్మకం వారిది. కానీ ఆటలమ్మ పోసిన బిడ్డ దగ్గరికి తాము వెళ్లామని తెలిసిన నాడే ఆస్పత్రికి కబురు పంపాలి. ఒంటి మీద పొక్కులు కనిపించేదాకా ఆగరాదు. ముందే మందు పడితే ముప్పు తప్పుతుంది.

టీకాల విషయంలోనూ పొరపాటు పడుతుంటారు. బిడ్డకు టీకాలు మానరాదు. బిడ్డకు వేసిన టీకా తల్లికీ కంచె. తట్టు, రుబెల్లా టీకా బిడ్డకు 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి వేస్తారు. దీనివల్ల తల్లికి ముప్పు లేదు. నోటి చుక్కల సంగతి వేరు. పోలియో చుక్కలు, రోటా వైరస్ చుక్కలు వేసిన తరువాత కొన్ని వారాలపాటు ఆ మందులోని క్రిమి బిడ్డ విరేచనంలో పోతుంది. కాబట్టి చుక్కలకు ముందే కిడ్నీ డాక్టరునూ పిల్లల డాక్టరునూ అడగాలి, ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ ఇంట్లో సంగతి చెప్పాలి. వేయిస్తే ఆ వారాల్లో ముడ్డి కడిగే పని ఇంకొకరు చెయ్యాలి. ఇక తల్లికి జీవమున్న క్రిమితో చేసిన టీకాలు ఏవీ వేయించరాదు. మిగిలిన టీకాలు ఏవి కావాలో డాక్టరు చెబుతారు.

తినేది, తాగేది, అందనివ్వనిది

ఆ ఇంట్లో నీళ్లు కాచి చల్లార్చి తాగుతారు. తల్లికి వండింది వేడిగానే పెడతారు. సంతలో కోసి అమ్మే పండ్ల ముక్కలు తినరు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఉద్దానం పెరళ్లలో కాసే పంపరపనస ఈ మాత్రలతో పడదు. రక్తంలో మందు పాలు పెరిగిపోయి కిడ్నీకే చెరుపు చేస్తుంది. ఇంట్లో చెట్టు ఉన్నా ఆమె తొన ముట్టరు. పసర్లు, నాటు మందులు కూడా అంతే. ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు కిడ్నీకి శత్రువులు.

మాత్రల డబ్బా బాబుకు అందని చోట, మూత గట్టిగా బిగించి ఉంచుతారు. తల్లికి ప్రాణం పోసే మాత్రే బిడ్డ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నీళ్ల గ్లాసు తేవడం బాబు పని. డబ్బా తియ్యడం అమ్మ పని. వాడికి అంతవరకే హక్కు. మాత్ర వేసుకోవడం వాడి కళ్ల ముందు జరిగినా, డబ్బా అటక ఎక్కిన తరువాతే ఆట మొదలవుతుంది.

నెలకోసారి పరీక్షకు తెల్లవారక ముందే రైలు ఎక్కుతారు. రక్తంలో మందు పాలు చూసే పరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఆ సంగతి తెలియక ముందే వేసుకుని వెళ్లి, పరీక్ష పనికిరాక తిరిగి వచ్చేవారున్నారు. జ్వరం 100 డిగ్రీలు దాటినా, మూత్రం తగ్గినా, ఒక్కసారిగా బరువు పెరిగినా, కిడ్నీ పెట్టిన చోట నొప్పి వచ్చినా పరీక్ష తేదీ దాకా ఆగకుండా వెళ్లాలి.

రెండో బిడ్డ మాట

ఊళ్లో అడిగే మాట ఇంకొకటి ఉంది. "ఒక్కడేనా? ఆడికి తోడు వద్దా?" అని. కిడ్నీ మార్పిడి జరిగిన స్త్రీ బిడ్డను కనడం లోకంలో జరగనిదేమీ కాదు. అమెరికాలో ఎడిత్ హెల్మ్ అనే ఆమె 1956లో కవల సోదరి ఇచ్చిన కిడ్నీ పొంది, 1958లో బిడ్డను కన్నది. ఇప్పుడు మన దేశంలోనూ కంటున్నారు. కానీ అది అత్త కోరిక మీదో ఊరి మాట మీదో జరగవలసింది కాదు. మార్పిడి తరువాత కనీసం ఏడాది ఆగాలి. కిడ్నీ నిలకడగా పనిచేస్తూ ఉండాలి, రక్తపోటు అదుపులో ఉండాలి. మైకోఫినోలేట్ మాత్ర కడుపులో బిడ్డకు చేటు. నెల తప్పడానికి కనీసం ఆరు వారాల ముందే డాక్టరు దాన్ని మార్చి వేరేది ఇవ్వాలి. తనంత తాను మానేస్తే కిడ్నీకి ముప్పు. చెప్పకుండా నెల తప్పితే బిడ్డకు ముప్పు. కాన్పులో రక్తపోటు పెరగడం, నెలలు నిండకుండా పుట్టడం కూడా వీరిలో ఎక్కువ.

ఈ దంపతులు ప్రస్తుతానికి వద్దనుకున్నారు. ఆమె అత్తగారే ఇప్పుడు ఊరివారికి సమాధానం చెబుతున్నారు. "మొదట్లో నాకూ అర్థం కానేదు. గుంటణ్ణి ఎత్తుకోకపోతే తల్లేటి అనీసినాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గేస్తాది. ఉన్నోడికి తల్లి నిలిస్తే సాలు" అన్నారామె.

దాత దొరకనివారి సంగతి

మన పొరుగునే ఉన్న వెల్లూరులో 1971లో కిడ్నీ మార్పిడి జరిగినప్పుడు అది పత్రికలకెక్కిన వింత. నేడు పేదవారికీ అందుబాటులోకి వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో మార్పిడి ఆపరేషన్ కూడా ఉంది. ఆ తరువాత మందులు ఎంతకాలం ఇస్తారో, ఎక్కడ ఇస్తారో ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. మందు కొనలేక నాలుగు రోజులు మానితే అంత ఖర్చూ, అంత త్యాగమూ మట్టిలో కలుస్తాయి.

ఇంట్లో ఇచ్చేవారు లేని వారు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. మెదడు పనిచేయడం ఆగి చనిపోయినవారి బంధువులు ఒప్పుకుంటే, ఆ కిడ్నీలు వరస ప్రకారం వీరికి వస్తాయి. ఇచ్చే చేతులు తక్కువ, ఎదురుచూసే చేతులు ఎక్కువ. ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న ఏ ఇల్లయినా ఆ దుఃఖంలో కూడా ఒప్పుకుంటే, ఎక్కడో ఒక పసివాడికి అమ్మ దక్కుతుంది.

ఊరు చెయ్యగలిగింది

ఈ తల్లికి ఊరు డబ్బు ఇవ్వనక్కరలేదు. జలుబుతో ఉన్నవారు ఆ గడప తొక్కకుంటే చాలు. చూడడానికి వచ్చినవారు జాలి మాటలు కాకుండా బాబును ఒక గంట ఎత్తుకు తిప్పితే చాలు. ఆమె తినలేనని చెప్పిన దాన్ని బలవంతంగా పెట్టకుంటే చాలు. ఆమె పరీక్షకు వెళ్లిన రోజున ఆ ఇంట్లో పొయ్యి మీద అన్నం దింపితే చాలు.

కిడ్నీ ఇచ్చిన అమ్మమ్మ ఒక్క కిడ్నీతో పొలం పనీ ఇంటి పనీ చేసుకుంటున్నారు. ఏడాదికోసారి రక్తపోటు, మూత్రం పరీక్ష చేయించుకుంటున్నారు. మిగిలిన కిడ్నీయే రెండింటి పనీ చాలావరకు అందుకుంటుందని డాక్టర్లు చెప్పారట. ఇచ్చినందుకు విచారం లేదా అని ఎవరైనా అడిగితే ఆవిడ బాబు వైపు చూపిస్తారు.

రాత్రి ఎనిమిది గంటలు. బాబు నిద్రకు జోగుతున్నాడు. అమ్మ ఒడిలో ఎక్కుదామని వచ్చాడు. ఆమె "ఉండరా" అని చేతులు కడుక్కున్నారు. వాడు ఏడ్చాడు. ఆమె కదలలేదు. మాత్ర వేసుకుని, డబ్బా అటక మీద పెట్టి, చాప మీద కూర్చుని చేతులు చాచారు. బాబు ఎక్కి కూర్చుని, ఎప్పటిలాగే ఆ రెండో పక్కన తల ఆనించి నిద్రపోయాడు.